ఇద్దరు తండ్రులు పట్టని గది

"మీరు చనిపోయారు కదా?" అన్నాడు హాల్వర్సన్.

ఆయన నాతో అన్న మొదటి మాట అదే. మావాడు చదివే కమ్యూనిటీ కాలేజీలో ఆయన కెమిస్ట్రీ చెబుతాడు. ఆయన గది గుమ్మంలో నేను స్ట్రాబెర్రీల అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను. తెల్లారకముందే లేచి మా మడుల్లో నేనే కోసిన పళ్లు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. "సార్, నేను ఫెంగ్ తండ్రిని. మావాడి కష్టంలో మీరు చేసిన సాయానికి దండం పెట్టి పోదామని వచ్చాను," అని దారి పొడుగునా కారులో వల్లెవేసుకున్న ఇంగ్లీషు మాటలు అప్పజెప్పాను.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. నా ముఖం చూశాడు, పెట్టె చూశాడు, మళ్లీ నా ముఖం చూశాడు.

"ఫెంగ్ ఖాంగ్ తండ్రి మీరే అయితే, సోమవారం ఎవరిని పాతిపెట్టారు?"

నేను కొంచెం నవ్వాను. లావోస్ కొండల నుంచి వచ్చిన మా మోంగ్ వాళ్లలో చావు మాట వచ్చినప్పుడు ఎదుటివాడు ఇబ్బంది పడకూడదని పెద్దవాళ్లు అలా కొంచెం నవ్వుతారు. "ఆయన మా అన్న సార్. ఫెంగ్ తండ్రి. నేనూ ఫెంగ్ తండ్రినే," అన్నాను.

"ఆ పెట్టె తీసుకెళ్లండి. ఇలాంటివి నేను తీసుకోకూడదు," అన్నాడు. కంప్యూటర్ వైపు తిరిగాడు. నేను బయటికి వచ్చేసరికే ఏదో టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

ఆనాడు పుట్టిన కోపం ఇప్పటికీ దిగలేదు. దిగాలని ఇంటి దేవతల ముందు అగరొత్తులు వెలిగించి అడిగాను కూడా. వాళ్లేమీ పలకలేదు. బహుశా వాళ్లకూ కోపం వచ్చిందేమో.

మా అన్న వాలెంగ్, నేను ఫ్రెస్నోలో రెండు వీధుల ఎడంగా ఉండేవాళ్లం. ఊరి బయట కౌలు పొలంలో ఇద్దరం కలిసి పండించేవాళ్లం, శనివారం సంతలో ఒకే బల్ల మీద అమ్మేవాళ్లం. నాకు ముగ్గురు మగపిల్లలు. అన్నకు, యేర్ వదినకు పిల్లలు లేరు. మాలో కొడుకు లేనివాడు చచ్చాక ఎవరూ అన్నానికి పిలవరు, ఆకలితో తిరుగుతూ ఉంటాడు. అందుకని మా రెండోవాడు ఫెంగ్ స్కూల్లో ఉండగానే వాణ్ణి అన్నకు ఇచ్చాం. పందిని కోసి, వాడి ఆత్మను పేరు పెట్టి పిలిచి, మణికట్టుకు తెల్లదారాలు కట్టి, అన్న ఇంటి గోడ మీది దేవతలకు "ఇకనుంచి వీడు ఈ పొయ్యి బిడ్డ" అని చెప్పి అప్పగించాం. మా వంశం పెద్దలంతా కూర్చుని భోంచేశారు. నా భార్య ఆ పూట తినలేదు, అలాగని వద్దనీ అనలేదు.

స్కూలుకు కూడా చెప్పాలని ఎవరికీ తోచలేదు. దేవతలకు చెప్పాం. అంతకంటే పెద్ద ఆఫీసు ఉంటుందని మాకు తెలియదు.

ఫెంగ్ హైస్కూలు ముగించినప్పుడు వాడికి నేరుగా ఏ పెద్ద యూనివర్సిటీలోనూ సీటు రాలేదు. అక్కడి పంతులమ్మ, "కమ్యూనిటీ కాలేజీలో కార్లు బాగుచేసే కోర్సు ఉంది, మీవాళ్లకు చేతిపని బాగా వస్తుంది," అని సలహా ఇచ్చింది. వాడు కమ్యూనిటీ కాలేజీలోనే చేరాడు, కానీ కార్ల షెడ్డులో కాదు, కెమిస్ట్రీ తరగతిలో. అక్కడ బాగా చదివితే పెద్ద యూనివర్సిటీలో మూడో ఏడాదిలోకి మారవచ్చునట. రెండేళ్లలో అయిపోతుందని చెప్పేవాళ్లు. మాతోపాటు పొలం, సంత, మందుల షాపులో ఉద్యోగం, వీటి మధ్య అన్నను డయాలసిస్‌కు తిప్పడం. వాడికి నాలుగేళ్లు పట్టింది. కార్ల కోర్సులో చేరిన వాడి స్నేహితులు అప్పటికి సొంత కార్లు కొన్నారు.

ఏప్రిల్‌లో కబురు వచ్చింది. సముద్రం వైపు ఉన్న ఆ యూనివర్సిటీ, ఎవరికీ ఊరికే సీటివ్వదని పేరున్న యూనివర్సిటీ, మావాణ్ణి తీసుకుంది. అన్న అప్పటికే మంచం మీద ఉన్నాడు. "దాని పేరేంట్రా, మళ్లీ చెప్పు," అని వాడి చేత పదేపదే చెప్పించుకుని, ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేక నవ్వేవాడు. ఒకటే షరతు పెట్టారు. ఈ సెమిస్టర్ చదువుతున్న సబ్జెక్టులన్నీ మంచి మార్కులతో ముగించాలి. ఒక్కటి పోయినా సీటు పోతుంది. ఆ సబ్జెక్టుల్లో హాల్వర్సన్ చెప్పే ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒకటి.

ఆ నెలాఖరుకే అన్న పోయాడు. మా కర్మలు జరుపుకోవడానికి పనికొచ్చే హాళ్లు ఫ్రెస్నోలో తక్కువ, చావులు ఎక్కువ. శవం వారాల తరబడి వరసలో ఆగింది. చివరికి శుక్రవారం నుంచి సోమవారం దాకా హాలు దొరికింది. పెద్దలు రోజులు చూసి సోమవారం మట్టి చెయ్యాలన్నారు. సోమవారం పొద్దునే హాల్వర్సన్ ఆఖరి పరీక్ష.

కర్మ నడిపించే పెద్దమనిషి చాతూను పక్కకు పిలిచి అడిగాను. "ఆదివారం చేసేద్దామా? వాడికి పరీక్ష ఉంది."

"పరీక్ష మళ్లీ పెట్టించుకోవచ్చు. వాలెంగ్‌ను మళ్లీ చావమనగలవా?" అన్నాడు చాతూ.

ఆయన మీద కూడా కోపం వచ్చింది. మంచి రోజు అని ఎవరు చెప్పారు, ఎవరికి మంచి అని అడగాలనిపించింది. అడగలేదు. రోజులు చూడటం నాకు రాదు, రానిదాని గురించి వాదించడం మా నాన్న నేర్పలేదు.

ఫెంగ్ హాల్వర్సన్‌కు రాశాడు. మా నాన్న పోయారు, సోమవారం సమాధి చేస్తున్నాం, రాలేను అని. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. బాధగా ఉంది, తర్వాత వారం వచ్చి పరీక్ష రాసుకో అన్నాడు. ఆ జవాబు ఫెంగ్ నాకు ఫోన్లో చూపించినప్పుడు, ఈ మనిషి మంచివాడు అనుకున్నాను.

హాల్లో ఆ నాలుగు రోజులూ వెదురు గొట్టాల వాద్యం, డోలు ఆగలేదు. దారి చెప్పే పాటగాడు అన్న ఆత్మను ఫ్రెస్నో నుంచి వెనక్కి నడిపించాడు. ఈ ఊళ్లోని అద్దె ఇళ్లు, థాయిలాండ్ శరణార్థుల శిబిరం, మెకాంగ్ నది, లావోస్ కొండలు, పుట్టిన గుడిసె. ఉన్న ప్రతి చోటా అక్కడి నేలకు, నీళ్లకు దండం పెట్టించి మరీ ముందుకు తీసుకువెళ్లాడు. ఆఖరి రాత్రి పెద్దలు వరసగా నిలబడి, "కొడుకా" అని ఫెంగ్‌నే పిలిచి దీవెనలు పాడారు. కట్టెలు మోసినవాడికి, అన్నం వండినవాడికి, డోలు కొట్టినవాడికి, అందరికీ వాడు నేల మీద మోకాళ్లూని దండం పెట్టాడు. అది కొడుకు పని.

మట్టి అయ్యాక పదమూడు రోజులు చనిపోయినవాడు ఇంట్లోనే ఉంటాడు. ప్రతి పూటా కొడుకు పిలిచి అన్నం పెట్టాలి. అందుకని తప్పనిసరైతే తప్ప ఫెంగ్ ఇల్లు కదలకూడదు. సాయం చేసినవాళ్లలో హాల్వర్సన్ ఒక్కడికే దండం మిగిలిపోయింది. వాడి బదులు నేను వెళ్లాను. ఇందులో తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడే ఫెంగ్‌కు కాలేజీ నుంచి వచ్చింది. తండ్రి చనిపోయాడని అబద్ధం చెప్పి పరీక్ష ఎగ్గొట్టినందుకు సున్నా వేశారు, డీన్ ముందు హాజరు కావాలి అని. వాడు వదిన ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని అది చదివి వినిపించాడు. చదవడం అయ్యాక నా వైపు తిరిగాడు.

"నిన్నెవరు వెళ్లమన్నారు?"

"థాంక్స్ చెప్పొద్దా?"

"ప్రొఫెసర్ దగ్గరికి ఎవరైనా స్ట్రాబెర్రీలు పట్టుకెళ్తారా నాన్నా!"

"మేలు చేసినవాడి దగ్గరికి చేతులూపుకుంటూ పోవాలా?"

"ఆయన మేలేం చెయ్యలేదు. అది రూలు. అమ్మో నాన్నో పోతే పరీక్ష మళ్లీ పెడతారు. పెదనాన్న పోతే పెట్టరు. అంతే."

"పెదనాన్న ఎవర్రా?" అంది వదిన పొయ్యి దగ్గర్నుంచి.

గోడ పక్కన అన్నకు పెట్టిన అన్నం గిన్నె, దాని మీద చెంచా అలాగే ఉన్నాయి. వదిన గరిటె కింద పెట్టి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. చేతులకు మిరప్పొడి ఉంది.

ఆ సాయంత్రం ఆండీ లోర్ వచ్చాడు. లోర్ వంశం వాడు, ఇక్కడే పుట్టాడు. కాలేజీలో మా పిల్లలకు ఏ సబ్జెక్టు తీసుకోవాలో, ఏ యూనివర్సిటీకి ఎలా మారాలో చెప్పే ఉద్యోగం. ఫెంగ్ ఇంత దూరం వచ్చాడంటే అందులో అతని చలవ కూడా ఉంది. అది కాదనను. చర్చికి వెళతాడు కాబట్టి మా గోడ మీది దేవతల వైపు చూడకుండా కూర్చున్నాడు.

"బాబాయ్, గాభరా పడకండి. డీన్ అవెడియన్ మేడం మంచావిడే. మనం వెళ్లి, పోయింది పెదనాన్న, తండ్రిలా చూసుకున్నాడు, దుఃఖంలో అలా రాసేశాడు అని చెబుదాం. క్షమాపణ రాయించుకుంటారు. పరీక్ష పెట్టిస్తారు. సీటుకు ఢోకా ఉండదు."

"క్షమాపణ దేనికి?"

"అబద్ధం రాసినందుకు."

"ఏ అబద్ధం?"

ఆండీ ఫెంగ్ వైపు చూశాడు. ఫెంగ్ తన పళ్లెం వైపు చూశాడు.

"బాబాయ్, మీకూ నాకూ తెలుసు. వాళ్లకు తెలియదు. ఒక్క మాట. ఆ గదిలో ఒక్క మాట అనేసి బయటికి వచ్చేద్దాం."

"ఆయన ఇంకా ఈ ఇంట్లో అన్నం తింటున్నాడు ఆండీ. ఈలోపల వెళ్లి, ఆయన నాన్న కాదు అని నలుగురి ముందు చెప్పాలా?"

"ఇంగ్లీషులో కదా చెప్పేది," అన్నాడు ఆండీ. నన్ను నవ్వించాలని అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు.

ఆ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను. నాకు చదువు శిబిరం బడితో సరి. చనిపోయినవాళ్లు ఎంత దూరం వింటారో ఎవరూ నాకు చెప్పలేదు. కాలేజీ దాకా వింటారా? మనసులో ఒకటి పెట్టుకుని నోటితో ఇంకొకటి అంటే ఏది వింటారు? పెద్దలు ఇవన్నీ ఎందుకు చెప్పకుండా పోతారో.

"నేను చెప్తాలే," అన్నాడు ఫెంగ్. "చెప్పాల్సింది నేను. నువ్వు ఊరికే కూర్చో నాన్నా. నీకు దండం పెడతా, అడిగిందానికి తప్ప నోరెత్తకు."

"వాడికి సీటు రావాలి న్యాచూ," అంది వదిన నన్ను పేరు పెట్టి పిలిచి. "ఆయన ఆ యూనివర్సిటీ పేరు నోరు తిరక్కుండానే పోయాడు. వాడు అక్కడికి వెళ్లాలి." సరేనన్నాను.

డీన్ గదిలో గుండ్రటి బల్ల. ఒకవైపు అవెడియన్, మెడలో చిన్న వెండి సిలువ ఉన్న పెద్దావిడ. పక్కన హాల్వర్సన్, చేతులు కట్టుకుని. ఇవతల ఫెంగ్, నేను, మధ్యలో ఆండీ. నా మాటలు ఇంగ్లీషులోకి, వాళ్ల మాటలు మోంగ్‌లోకి చెప్పడానికి అతన్ని కూర్చోబెట్టారు. నాకు ఇంగ్లీషు మాట్లాడటం కష్టం గానీ, నెమ్మదిగా అంటే అర్థమవుతుంది. అది ఆండీ మరిచిపోయాడు.

అవెడియన్ నా వైపు చూసి నెమ్మదిగా అడిగింది. "మిస్టర్ ఖాంగ్, చనిపోయిన వ్యక్తి ఫెంగ్ తండ్రేనా?"

ఆండీ నా వైపు తిరిగాడు. "బాబాయ్, పోయింది మీ అన్నగారేనా అని అడుగుతున్నారు."

"అవును, మా అన్నే," అన్నాను.

ఆండీ వాళ్ల వైపు తిరిగాడు. "కాదంటున్నారు మేడం. పోయింది ఈయన అన్నగారు. ఫెంగ్‌కు పెదనాన్న."

హాల్వర్సన్ తల ఊపాడు. ఆండీ నా నోట్లో మాట పెట్టి, ఆ మాటతోనే మా అన్నను ఇంటి బయటికి గెంటాడు. అదీ మావాడు, మా భాషవాడు, మంచి చేద్దామని. అయినా ఇచ్చిన మాట గుర్తుపెట్టుకుని బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

"అంటే ఫెంగ్, నువ్వు ప్రొఫెసర్‌కు రాసింది నిజం కాదు. అంతేనా?" అంది అవెడియన్.

ఫెంగ్ నోరు తెరిచాడు. "ఆయన నాకు..." అని ఆగాడు. "ఆయన నాకు..." మళ్లీ ఆగాడు. ఇంటి దగ్గర అంత ధైర్యంగా చెప్తానన్నవాడు.

"చిన్న ప్రశ్నే కదా," అన్నాడు హాల్వర్సన్.

నేను లేచి నిలబడ్డాను.

"బాబాయ్, కూర్చోండి," అన్నాడు ఆండీ మా భాషలో, నవ్వు ముఖంతోనే. "ఇంకొక్క నిమిషంలో అయిపోతుంది. చెడగొట్టకండి."

"చెడగొడుతున్నది నేనా? నువ్వు నోరు మూసుకో." తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో అవెడియన్‌తో అన్నాను. "ఇతను నేను చెప్పింది చెప్పలేదు. మీరు అడిగింది నన్ను అడగలేదు. ఫెంగ్ తండ్రి చనిపోయాడు. సోమవారం పాతిపెట్టాం."

ఆవిడ కళ్లజోడు తీసింది. "మరి మీరెవరు?"

"నేనూ తండ్రినే."

"ఇదే. నాతో కూడా ఇదే అన్నాడు," అన్నాడు హాల్వర్సన్.

ఆవిడ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. "మా రికార్డుల్లో తండ్రి పేరు మీది ఉంది. మీ అన్నగారికి చట్టప్రకారం దత్తత ఇచ్చారా?"

"ఇచ్చాం. పందిని కోశాం. మా పెద్దలందరూ వచ్చారు."

"కోర్టులో?"

"కోర్టు ఆ రోజు భోజనానికి రాలేదు."

ఆండీ ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆవిడకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. నిజంగానే సాయం చేద్దామని చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా మండింది. గట్టిగా అరిచేవాళ్లయితే తిరిగి అరవచ్చు.

"మిస్టర్ ఖాంగ్, ఒకరికి ఒక తండ్రి. ఇద్దరని నేను ఒప్పుకుంటే, రేపు ఇంకో విద్యార్థి వచ్చి ముగ్గురంటాడు. అందరికీ ఒకటే రూలు ఉండాలి కదా. ఎవరో ఒకరిని చెప్పండి. ఒక్కరిని."

"ఒక్కరే కావాలా?"

"అవును."

"అయితే నేను కాదు," అన్నాను.

ఫెంగ్ వైపు చెయ్యి చూపించాను.

"వీడు మా అన్న కొడుకు. నాకు ఇద్దరే కొడుకులు. నేను వీడి బాబాయిని. వీడు రాసింది నిజం. ఈయన గదికి వెళ్లి తండ్రినని చెప్పింది నేను. ఇక్కడ అబద్ధం ఏదైనా ఉంటే అది నాది. నాకు సున్నా వెయ్యండి. నేను మీ కాలేజీలో చదవడం లేదు."

"నాన్నా, ఏంటిది..." అన్నాడు ఫెంగ్.

"బాబాయ్ అనరా!" అని అరిచాను. వాడి మీద అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "తండ్రి కానివాడికి ఇక్కడ కుర్చీ ఎందుకు," అని బయటికి వచ్చి తలుపు వేశాను. మెల్లగా వెయ్యలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని నా ముందు నుంచి పోతున్నారు. లోపల ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. ముందు హాల్వర్సన్ బయటికి వచ్చాడు. నా ముందు ఆగాడు.

"మంగళవారం పొద్దున రమ్మన్నాను. పరీక్ష రాయనిస్తాను. కానీ మిస్టర్ ఖాంగ్, ఇందులో ఎవరు అబద్ధం చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు."

"అర్థం కాకుండానే సున్నా వేశారా?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

తర్వాత ఆండీ వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. "బాబాయ్, మోసం చెయ్యాలని చెయ్యలేదని మేడం తేల్చేసింది. కాకపోతే రికార్డులో మీ పేరు తీసేసి పెదనాన్న పేరు పెడతారు. మీ పేరు బాబాయ్ అని ఉంటుంది. ఫెంగ్ సంతకం పెడుతున్నాడు." బెంచీకి దగ్గరగా వచ్చాడు. "నా మీద కోపం పెట్టుకోకండి."

"పెట్టుకుంటాను," అన్నాను. అతను తల వంచుకుని వెళ్లాడు. అతను రాకపోతే ఆ గదిలో మాకు కుర్చీలు కూడా ఉండేవి కావని నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో ఇంకో మాట నోటికి రాలేదు.

ఫెంగ్ మంగళవారం పరీక్ష రాశాడు. కావలసినదానికంటే మంచి మార్కే వచ్చింది. సీటు నిలిచింది, ఆగస్టులో వెళ్లాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా మనసులో నలుగుతున్నది అది కాదు. ఆ రోజు తిరిగి వస్తూ కారులో జరిగింది.

సగం దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫెంగ్, "ఎందుకలా అన్నావు?" అన్నాడు.

"నువ్వు నోరు పెగల్చలేకపోయావు కాబట్టి."

"పెగిలేది. ఇంకొక్క నిమిషం ఆగితే పెదనాన్న అనేసేవాణ్ణి."

"అందుకే ఆగలేదు."

"ఎందుకు ఆగలేదు? ఆయన చచ్చిపోయారు నాన్నా! ఆయన్ని కాదంటే ఆయనకేం తెలుస్తుంది? తెలిసినా నన్ను తిట్టరు, నాలుగేళ్లు డయాలసిస్‌కు తిప్పాను, నన్ను తిట్టరు. నువ్వు బతికున్నావు. బతికున్నవాణ్ణి కాదని నా చేత సంతకం పెట్టించారు. అది నీకు బాగుందా?"

"బాగుందని ఎవరన్నారు?"

"మరి నన్ను అడగొచ్చు కదా. ఇచ్చేటప్పుడూ అడగలేదు, వదిలేసుకునేటప్పుడూ అడగలేదు."

పచ్చదీపం వెలిగింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు. నేను కారు కదిలించాను. వాణ్ణి అన్నకు ఇచ్చిన రోజున ఆ ఇంటి దేవతలను అడిగాం, మా ఇంటి దేవతలను అడిగాం, చనిపోయిన తాతలను కూడా అడిగాం. వాణ్ణి అడగాలని ఎవరూ అనలేదు. అడగాలా? మా నాన్నను ఎవరైనా అడిగారా, నన్ను అడిగారా? తెలియదు. తెలియనందుకు ఇంకా కోపం వచ్చింది. వాడి మీద కాదు, కానీ పక్కన ఉన్నది వాడే.

"పెద్ద చదువుకు పోతున్నావు కదా, అక్కడ నేర్చుకుని వచ్చి చెప్పు," అన్నాను.

వాడు తల కిటికీ వైపు తిప్పుకున్నాడు.

వదిన ఇంటి ముందు ఆపగానే వాడు దిగి, కారు తలుపు విసిరేసి లోపలికి వెళ్లాడు. పూట దాటిపోతోంది. అన్నను అన్నానికి పిలవాలి. నేను కారులోనే కూర్చున్నాను. తెరిచి ఉన్న ఇంటి తలుపులోంచి వాడు గిన్నె ముందు కూర్చోవడం, చెంచాతో అన్నం కలపడం కనిపించింది. పెదాలు కదిలాయి. ఏమని చెప్పాడో వినిపించలేదు. చాలాసేపు చెప్పాడు.

వదిన బయటికి వచ్చి కిటికీ మీద తట్టింది.

"లోపలికి రావేం?"

"ఆకలి లేదు."

"ఎవరి మీద కోపం?"

హాల్వర్సన్ మీద అందామనుకున్నాను. ఆండీ మీద, చాతూ మీద, ఒక్కరినే చెప్పమన్న ఆ మంచావిడ మీద. అందరి పేర్లూ నోటి దాకా వచ్చాయి.

"అన్న మీద," అన్నాను.

"ఆయనేం చేశాడయ్యా పాపం?"

"చచ్చిపోయాడు. ఉండి ఉంటే ఇద్దరం వెళ్లి నిలబడేవాళ్లం ఆ గదిలో. ఇద్దర్నీ ఎదురుగా పెట్టుకుని అప్పుడు అడగాల్సింది ఆవిడ, ఎవరో ఒకరిని చెప్పమని."

ఆమె కారు తలుపు తీసింది.

"దిగు. మంగళవారం వాడికి పరీక్ష. వచ్చి అరవకుండా తిను. వాడు చదువుకోవాలి."

దిగి లోపలికి వెళ్లాను. బల్ల మీద వాడి పుస్తకం తెరిచి ఉంది. నాకు అన్నం పెట్టడానికి చోటు లేకపోతే, వాడు ముఖం ఎత్తకుండానే పుస్తకం కొంచెం పక్కకు జరిపాడు. నేను కూర్చున్నాను. కోపం పోలేదు, కానీ అరవలేదు.